తాలుకాయ మార్పిడి

దొప్పలపాడులో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. తీర్పు చెప్పేవాళ్ళం మాత్రం ఊరంతా ఉన్నాం. బంతి పట్టుకోవడం రానివాడు కూడా వీరబాబు టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడంటే, ఎవణ్ణి ఆడించాలో ఎవణ్ణి ఇంటికి పంపాలో చెప్పేస్తాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కూర వండటం రాకపోయినా ఉప్పెక్కువైందని చెప్పొచ్చు.

మా కోర్టు అసలు మిరపకాయలు ఎండబోసే సిమెంటు కళ్ళం. కాయలు గుంటూరు యార్డుకి వెళ్ళిపోయాక కళ్ళం ఊడ్చి, రెండువైపులా స్తంభాలు నిలబెట్టి, సున్నంతో గీతలు గీస్తాం. ఎంత ఊడ్చినా ఘాటు పోదు. పొరుగూరి వాళ్ళు ఆట మొదలైన కాసేపటికే దగ్గుతారు, ముక్కులు చీదుకుంటారు. మాకు అలవాటే కాబట్టి చప్పట్లు కొడతాం.

ఆ కళ్ళం మీద ఇన్నేళ్ళూ మా పరువు నిలబెట్టినవాడు పరుపులు కుట్టే రంజాన్. మనిషి తాడిచెట్టంత పొడుగు. రింగు కింద చేతులెత్తి నిలబడితే అవతలి వాళ్ళకి రింగు కనపడేది కాదు. కప్పు గెలిచిన ఏడు అతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాం. మా టీము కమిటీ ప్రెసిడెంటు యలమందయ్య యార్డులో కమీషన్ వ్యాపారి. ఆ ఊరేగింపులో ఆయన రంజాన్ చెయ్యి పట్టుకుని అందరూ వినేట్టు ఒక మాటన్నాడు. "ఒరే రంజానూ, నువ్వు ఆట మానేసిన రోజు నుంచి ఈ టీముకి కోచ్‌వి నువ్వేరా."

రంజాన్ ఆ మాట నమ్మాడు. తాడేపల్లిలో ఎవరో బడివాళ్ళు ఆటల మాస్టారుగా రమ్మని పిలిస్తే, మా ఊరి పిల్లలకి ఆట నేర్పాలి, రాలేనని చెప్పి పంపేశాడు. భార్య నస్రత్ ఎంత మొత్తుకున్నా వినలేదు. ప్రెసిడెంటు గారు మాటిచ్చారు కదా అన్నాడు.

పోయిన ఏడాది ఫైనల్లో అతని మోకాలు మొరాయించింది. చేతిలో ఉన్న బంతి వదిలేసి మోకాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. మేము ఓడిపోయాం. కాయలు ఏరేటప్పుడు ఎర్రవి ఒకవైపు, తెల్లబారినవి ఇంకోవైపు పోస్తారు. ఆ తెల్లబారినవి తాలుకాయలు. ఆ సాయంత్రం నుంచి రంజాన్‌కి మేము పెట్టుకున్న పేరు అదే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మల్లయ్యకి బాధగా ఉంటే ఉండొచ్చు, ఏరు దాటినవాళ్ళకేం బాధ.

ఈ వేసవి టోర్నమెంటుకి ముందు యలమందయ్య గుంటూరు నుంచి త్రినాథ్‌కి ఫోన్ చేశాడు. త్రినాథ్‌ది పురుగుమందుల కొట్టు. మా అభిమానుల వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ కూడా అతనే. ప్రకాశం వైపు రాళ్ళవాగుపాలెం టీములో మార్క్ అని ఒక కుర్రాడున్నాడు. ఎగిరితే రింగు పట్టుకుని వేలాడతాడు. మా టోర్నమెంటు పద్ధతి ప్రకారం వేరే ఊరి ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే బదులుగా మన ఆటగాణ్ణి ఒకణ్ణి ఇవ్వాలి. యలమందయ్య మార్క్‌ని అడిగి రంజాన్‌ని ఇచ్చేశాడు.

"రంజానన్నకి చెప్పారాండీ?" అని అడిగాడు త్రినాథ్.

"నువ్వు చెప్పు," అని ఫోన్ పెట్టేశాడు యలమందయ్య.

త్రినాథ్ చెప్పలేదు. గ్రూపులో పెట్టాడు. అంతకు ముందు రంజాన్‌ని గ్రూపులోంచి తీసేశాడు. మనిషి ఉండగానే ఆ మనిషిని నాలుగు మాటలంటే బాగోదు. మా ఊళ్ళో మర్యాదకి లోటు లేదు. ఆ తర్వాత తీర్పులు మొదలయ్యాయి. తాలు ఇచ్చి మేలైన తేజ రకం మిరప తెచ్చాడు, ప్రెసిడెంటంటే అలా ఉండాలి అని ఒకడు. ఆ మోకాలికి పూసే గ్రీజు కూడా మనమే ఇచ్చి పంపాలా అని ఇంకొకడు. రాళ్ళవాగుపాలెంలో పరుపులు చిరిగిపోయి ఉంటాయి, అందుకే తీసుకున్నారని మరొకడు. లాభమా నష్టమా అని త్రినాథ్ ఓటింగు పెడితే నష్టం అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇక్కడే రంజాన్ పొరబడ్డాడు. మా ఊళ్ళో ఎవరికైనా సన్మానం చెయ్యాలనుకుంటే ముందు ఆ మనిషిని గ్రూపులోంచి తీసేస్తాం. శాలువా ఏ రంగు, దండ ఎంత లావు అన్నీ మాట్లాడుకోవాలి కదా. కోటిరత్నం టీచర్ రిటైరైనప్పుడు అలాగే చేశాం. గ్రూపులో తను లేనని తెలిసిన రంజాన్‌కి గుండె పొంగిపోయింది. మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుంటుకుంటూ టీ కొట్టుకి వచ్చాడు.

"ఏరా త్రినాథూ, నన్ను గ్రూపులోంచి తీసేశావంటగా?"

"ఏదో పొరపాటులే అన్నా."

"పొరపాటా. సర్లే, నేనేం అడగన్లే," అని మా అందరివైపూ చూసి చిన్నగా నవ్వాడు.

మాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక వీరబాబు నవ్వు ఆపుకోలేక పాలగిన్నె తెచ్చే వంకతో లోపలికి పోయాడు. రంజాన్ ఆ రోజు అందరి టీ డబ్బులూ తనే ఇచ్చాడు. మేము తాగాం.

సాయంత్రం నస్రత్ కొట్టు దగ్గరికి వచ్చింది. "అన్నా, ఏ రోజో కాస్త ముందు చెప్పండి. మా అమ్మావాళ్ళని పిలుచుకుంటా. ఆయనకి తెలియనివ్వన్లే." ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "కోచ్ సంగతి కూడా ఆ రోజే చెబుతారంటగా?"

వీరబాబు నావల్ల కాదన్నట్టు మావైపు చూశాడు. మాలో ఒకడు తల ఊపాడు. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. తల ఊపినవాడు తర్వాత, నేను ఈగని తోలుకున్నాను అన్నాడు.

ఈ కథంతా యలమందయ్యకి చేరేసింది త్రినాథ్. ఆయన కోప్పడతాడనుకున్నాం. "చేసెయ్యండి సన్మానం," అన్నాడాయన. "ఇంటికెళ్ళి చెబితే ఏడుస్తాడు, గొడవపడతాడు. పదిమందిలో శాలువా కప్పితే ఎంత మొనగాడైనా నోరు మూసుకుంటాడు." యార్డులో రైతుల్ని చూసి చూసి మనుషుల్ని చదివినవాడు. ఆ మాటకి మేము ఆయన్ని మరింత మెచ్చుకున్నాం.

ఆదివారం సాయంత్రం కళ్ళం మీదే స్టేజీ వేశాం. వెనక ఫ్లెక్సీ. మధ్యలో గాల్లోకి ఎగురుతున్న మార్క్, పక్కన నమస్కారం పెడుతూ యలమందయ్య. పైన మూలన చిన్న గుండ్రంలో రంజాన్. ఫ్లెక్సీల్లో కాలం చేసిన పెద్దల ఫోటోలు వేసే చోటది. త్రినాథ్‌ని అడిగితే అక్కడే ఖాళీ ఉందన్నాడు.

నస్రత్ కొత్త చీర కట్టుకుని, పుట్టింటివాళ్ళతో ముందు వరసలో కూర్చుంది. "ఆ ఎగురుతున్న అబ్బాయెవరన్నా?" అని వీరబాబుని అడిగింది.

"కొత్తగా వచ్చాడమ్మా."

"మరి మా ఆయన ఫోటో ఆ మూలన వేశారేంటి?"

వీరబాబు చేతిలో ఉన్న టీ గ్లాసు ఆమెకిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

యలమందయ్య మైకు పట్టుకున్నాడు. రంజాన్ మన ఊరి ముద్దుబిడ్డ అన్నాడు. మన కీర్తిని జిల్లా దాటించాడు అన్నాడు. దండ పడింది, శాలువా పడింది, చప్పట్లు పడ్డాయి. రంజాన్ రెండు చేతులూ జోడించి, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతున్నాడు. "అలాంటి రంజాన్‌ని," అన్నాడు యలమందయ్య, "ఈ ఏడు మనం ప్రేమతో రాళ్ళవాగుపాలేనికి ఇస్తున్నాం. బదులుగా మనకి మార్క్ వస్తున్నాడు." ఈలలు, కేకలు. మార్క్ స్టేజీ ఎక్కాడు. రంజాన్ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని దించాలని అతనికి తోచలేదు. నవ్వు మాత్రం ముఖం మీంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది. అది మేమంతా మెడలు చాచి చూశాం.

మార్క్‌తో పాటు రాళ్ళవాగుపాలెం డ్రిల్లు మాస్టారు ఏసోబు వచ్చాడు. సన్నగా, తక్కువ మాటల మనిషి. "ప్రెసిడెంటు గారూ, తీసుకెళ్ళే ముందు ఆ మోకాలు ఒకసారి చూసుకోవాలండీ," అన్నాడు. తర్వాత రంజాన్‌తో, "నాలుగు గుంజీలు తియ్యి బాబూ," అన్నాడు.

మాకు కోపం వచ్చింది. రంజాన్ మీద జాలితో కాదు. మా ఊరి సరుకుకి వంకపెట్టడానికి వీడెవడు అని. "తియ్ రంజానూ, చూపించు వాళ్ళకి," అని అరిచాం. రంజాన్ ముందు వరసలో ఉన్న నస్రత్‌ని చూశాడు. ఆమె వద్దని తలూపింది. మేము చప్పట్లతో తాళం వేశాం. దండతో, శాలువాతో, బళ్ళో తప్పుచేసిన పిల్లాడిలా రంజాన్ గుంజీలు మొదలుపెట్టాడు. మొదటిది బాగానే తీశాడు. తర్వాతిదానికి కిందికి దిగి లేవలేకపోయాడు. శాలువా కాళ్ళకి చుట్టుకుని ఒక పక్కకి కూలబడ్డాడు. వెనకెక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు.

ఏసోబే చెయ్యిచ్చి లేపాడు. "ఈయన్ని ఆడించడం పాపమండీ. నాకొద్దు. ఇంకొకణ్ణివ్వండి," అన్నాడు.

యలమందయ్య ఏమాత్రం తొణకలేదు. "ఒకణ్ణివ్వాలన్నారు, ఇచ్చాం. ఊరందరి ముందూ శాలువా కప్పి మరీ ఇచ్చాం. తీసుకోనంటే మా తప్పా? మార్క్ ఇక్కడ సంతకం చేసేశాడు." ఆ లాజిక్కుకి కళ్ళం దద్దరిల్లిపోయింది. తాలుకాయ కూడా ఇవ్వకుండా తేజ కాయ తెచ్చాడు మా ప్రెసిడెంటు. ఏసోబు స్టేజీ దిగి వెళ్ళిపోయాడు.

చప్పట్లు తగ్గాక రంజాన్ మైకు దగ్గరికి వచ్చాడు. "ప్రెసిడెంటు గారండీ, ఆడించకపోతే పోనీలెండి. ఆట మానేస్తాను. కోచ్‌గా ఉంటానండి. మీరు మాటిచ్చారు." మైకులో ఆ మాట ఊరి చివరిదాకా వినపడింది.

యలమందయ్య అతని భుజం మీద చెయ్యేశాడు. "ఒరే రంజానూ, కోచ్ మాటంటే కుర్రాళ్ళకి భయం ఉండాలి. ఇందాక నువ్వు కూలబడటం వాళ్ళంతా చూశారు. రేపు నువ్వు పరిగెత్తమంటే నవ్వరా?"

నవ్వరా అని ఆయన అడగ్గానే టీములోని కుర్రాళ్ళు నిజంగానే నవ్వారు. అంతకు మించి రుజువేం కావాలి. నస్రత్ లేచి నిలబడింది. "కూలబడేట్టు చేసింది మీరు కాదా బాబాయ్?" అని అడిగింది. మైకు లేదు కాబట్టి ఆ మాట ముందు వరసకే వినపడింది. తర్వాత మావైపు తిరిగి ఒక్కొక్కరినే చూసింది. తిట్టలేదు. మురిక్కాలవ పక్కన నడిచేవాళ్ళు చూస్తారే, అలా చూసింది. మొగుడి మెడలోని దండ తీసి స్టేజీ మీద పెట్టి, అతన్ని పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది.

కొన్నాళ్ళు రంజాన్ బయటికి రాలేదు. ఆటో వేసుకుని పొరుగూళ్ళలోనే పరుపులు కుట్టుకునేవాడు. తాడేపల్లి బడికి మనిషిని పంపి అడిగించాడని, ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయిందన్నారని విన్నాం. వాళ్ళు పిలిచినప్పుడే వెళ్ళి ఉండాల్సింది, తెలివి తక్కువ మనిషి అని తీర్పు చెప్పుకున్నాం.

టోర్నమెంటు మొదటి ఆట రోజున అతను కళ్ళం దగ్గరికి వచ్చాడు. మేము మాటలాపేశాం. అతను ఎవరినీ పలకరించకుండా మా బల్ల చివర కూర్చున్నాడు. త్రినాథ్ కాస్త జరిగి చోటిచ్చాడు. ఆట సాగుతుంటే మేమే ముందు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాం. మార్క్ పాస్ తప్పు అన్నాం. రంజాన్ తల ఊపాడు. డిఫెన్సుకి వెనక్కి రావడం లేదన్నాం. "కుర్రాడికి పొగరు," అన్నాడు రంజాన్. ఆట తెలిసినవాడు మా పక్కన కూర్చుని మా మాటే అనడం మాకు భలే నచ్చింది. వీరబాబు అతనికి టీ పంపాడు. ఆ రోజు డబ్బులు మేమే ఇచ్చాం.

ఆట చివర్లో మార్క్ రింగు కోసం ఎగిరి, దిగేటప్పుడు కాలు మెలిక తిరిగి పడ్డాడు. మోకాలు పట్టుకుని "అమ్మా" అని మెలికలు తిరుగుతున్నాడు. కళ్ళమంతా నిశ్శబ్దమైపోయింది. అప్పటికి నస్రత్ మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చి బల్ల వెనక నిలబడి ఉంది. ఆ కుర్రాడి ఏడుపు విని ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రంజాన్ లేచి నిలబడ్డాడు. మోకాలి సంగతి తెలిసినవాడు, సాయానికి వెళతాడనుకున్నాం. అతను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "గుంజీలు తీయించండిరా వాడి చేత," అని గొంతు చించుకుని అరిచాడు.

ఒక్క క్షణం తర్వాత కళ్ళమంతా నవ్వింది. ఎవడో రంజాన్ వీపు చరిచాడు. అతను కూడా మాతో కలిసి నవ్వుతూ వెనక్కి తిరిగాడు. నస్రత్ అతన్నే చూస్తోంది, ఆ ఆదివారం మమ్మల్ని చూసినట్టే. ఇంటికి రమ్మని పిలవలేదు. ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రంజాన్ కాసేపు ఆమె వెళ్ళిన వైపే చూసి, మళ్ళీ మా మధ్య కూర్చున్నాడు.