పిండకూడని గుడ్డ

అక్క గొంతులోంచి గంజి కూడా దిగడం మానేసింది. గట్టివి అడ్డం పడుతున్నాయి, నీళ్లలాంటివి పొలమారుతున్నాయి. ఏదైనా మెత్తగా, ముద్దగా ఉండేది పెట్టి చూడండి, అదీ దిగకపోతే ఇక ముక్కులోంచి గొట్టమే అని చెప్పి నర్సు వెళ్లిపోయింది. గొట్టం మాట వినగానే అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"పాలు విరిచి ముద్ద చెయ్యవే. అది దిగుతుందేమో," అంది కాసేపటికి.

ఆ ముద్ద తినడమే తప్ప చెయ్యడం చెల్లెలెరగదు. చిన్నప్పటినుంచీ అక్క చేసేది, తను గిన్నె నాకేది. తనకి తెలిసిన పనల్లా లాండ్రీలో దుప్పట్లు ఉతకడం, పిండడం, ఆరెయ్యడం.

మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా జరిపింది. అక్క అక్కణ్ణుంచే అజమాయిషీ మొదలుపెట్టింది.

"పొంగొచ్చిందా? స్టవ్ కట్టెయ్. ఇప్పుడు నిమ్మరసం. గుమ్మరించకు తల్లీ, కొంచెం కొంచెంగా. ఇక గరిటె పక్కన పెట్టు, దాన్ని దాని మానాన వదిలెయ్."

పాలు తునకలు తునకలుగా విరిగి, పచ్చటి తేట విడిపోయింది. చెల్లెలు మురిసిపోయింది. పల్చటి గుడ్డలోకి వంపి, మూట కట్టి, అలవాటు కొద్దీ రెండు చేతులతో మెలితిప్పి ఒక్క పిండు పిండింది. చుక్క మిగల్లేదు.

"ఓసి నీ దుంపతెగ! అది దుప్పటనుకున్నావుటే?" అక్క నవ్వబోయి దగ్గులో పడింది.

గుడ్డ విప్పితే సుద్దముక్కలా పొడిపొడిగా రాలింది. తేటలో తడిపి పెట్టినా గొంతుకి అడ్డం పడింది. వీపు నిమిరి, కక్కించి, నోరు తుడిచేసరికి అక్క కళ్లు తేలేసినంత పనైంది.

"పోనీ, గొట్టం వేయిద్దామక్కా."

"ఇంకో ప్యాకెట్ పాలున్నాయిగా. ఈసారి మూట కుళాయికి తగిలించి, వచ్చి నా దగ్గర కూర్చో. ఆ చేతులు నాకిచ్చెయ్."

చెల్లెలు అలాగే చేసింది. సింకులో తేట బొట్టుబొట్టుగా కారుతుంటే, సబ్బుకి పగిలిన ఆ చేతుల్ని పట్టుకుని అక్క పడుకుంది. పట్టులో బలం లేదు. విడిపించుకుంటే విడిపోయేదే. చెల్లెలు కదల్లేదు.

ఎండ కిటికీ దిగేసరికి ముద్ద తయారైంది. తెల్లగా, వేలు ఆనిస్తే సొట్టపడేంత మెత్తగా. ఉప్పు కలిపి చెంచా కొనతో అందించింది. అక్క కళ్లు మూసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పింది. చెల్లెలు ఆవిడ గొంతు వంకే చూసింది. గొంతు కదల్లేదు. అక్క ఒకసారి ప్రయత్నించింది, ఇంకోసారి. చివరికి చెయ్యి పట్టమని సైగ చేసింది. చెల్లెలు గడ్డం కింద దోసిలి పట్టింది.

"కుదిరిందే," అంది అక్క, నోరు తుడిపించుకుని. "అచ్చం నేను చేసినట్టే ఉంది."

"మింగలేకపోయావుగా."

"రుచి తెలిసింది, చాలు. నర్సుకి ఫోన్ చెయ్యి, గొట్టమో గిట్టమో వేసిపోతుంది. ముందు నువ్వు తిను. పొద్దున్నుంచీ నీ కడుపులో ఏమీ పడలేదు."

"నాకొద్దు."

"నేను చూస్తాను, తినవే."

చెల్లెలు గిన్నె ఒళ్లో పెట్టుకుంది. ముద్ద నోట్లో వెన్నలా విడిపోయింది. గొంతు దాకా వచ్చి ఆగింది. అక్క దిండు మీంచి తల కాస్త ఎత్తి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. చెల్లెలు కళ్లయినా తుడుచుకోకుండా మింగింది.

"ఊఁ, ఇంకో చెంచా," అంది అక్క.