మాట్లాడుతున్న మనిషి

బులెల్వా చాలా ఏళ్ళు అంబులెన్సులో తిరిగింది. ఆ ఉద్యోగంలో ఆమెకు నచ్చిన సంగతి ఒకటుంది. మనిషిని ఆసుపత్రి గుమ్మంలో దించేశాక మిగతా కథ ఆమెది కాదు. బతికాడా, పోయాడా, కాలు తీసేశారా అని తిరిగి వచ్చి అడిగే తీరిక ఉండేది కాదు. నిజం చెప్పాలంటే అడగబుద్ధి కూడా అయ్యేది కాదు. స్ట్రెచర్ కడుక్కుని, రోడ్డు పక్కన నూనెలో వేగిన వేడి వేడి గ్వీన్యా పిండి ఉండలు కొనుక్కుని తింటూ మరో పిలుపు కోసం ఎదురుచూసేది.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఆమెను ఆసుపత్రి లోపలికే మార్చారు. కొండల మధ్య ఉన్న ఆ జిల్లా ఆసుపత్రిలో డ్యూటీకి ఒక్క డాక్టరు ఉంటే గొప్ప. ఆ ఒక్కరూ ఆపరేషన్ గదిలోకి వెళితే క్యాజువాల్టీ అంతా నర్సుల నెత్తిన పడేది. అందుకని అంబులెన్సుల్లో వైద్యం చేసే బులెల్వా లాంటి పారామెడిక్కులను తెచ్చి అక్కడ పెడదామని పైవాళ్ళు తీర్మానించారు. పెట్టనైతే పెట్టారు గాని, గుమ్మం దాటి లోపలికొచ్చిన పారామెడిక్కు ఏ పని తనంతట తాను చేయవచ్చో, ఏ పనికి డాక్టరు మాట కావాలో ఎవరూ తేల్చి చెప్పలేదు.

క్యాజువాల్టీ పెద్ద సిస్టరుకు ఆ తేల్చకపోవడం దగ్గరే ఒళ్ళు మండేది. ఆమెను అందరూ మర్యాదగా వంశం పేరుతో మాంబేలే అని పిలిచేవారు.

"రోడ్డు మీద నువ్వు రాణివేనమ్మా, ఎవరు కాదన్నారు?" అంది మొదటి రోజే. "ఇక్కడ మాత్రం మందుల బీరువా తాళం నా నడుముకుంటుంది. నువ్వు అడిగావని నేను మందు తీసిస్తే, రేపేదైనా అయితే పోయేది నా లైసెన్సు. అప్పుడు నన్ను నువ్వు కూర్చోబెట్టి పోషిస్తావా?"

"పోషిస్తాను గాని మాంబేలే, నా వంట మీరు తినలేరు."

చుట్టూ ఉన్న నర్సులు నవ్వారు. మాంబేలే నవ్వలేదు. అప్పటినుంచి బులెల్వా సెలైన్లు ఎక్కిస్తూ, కట్లు కడుతూ, మంచాలు తోస్తూ కాలం గడిపింది. సాయంత్రం ఇంటికి వెళ్ళాక చేతులు ఊరికే దురద పెట్టినట్టుండేవి.

ఒక ఉదయం పొగమంచు కొండలమీంచి దిగి ఆసుపత్రి గేటు దాకా వచ్చింది. ఆ మంచులోంచి ఒక బక్కీ ట్రక్కు వచ్చి ఆగింది. వెనక ట్రాలీలోంచి దుప్పటి కప్పుకున్న ఒకాయన తనంతట తానే దిగి లోపలికి నడిచొచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి, చేతులు పొక్కిపోయాయి. వెనకాలే ఆయన భార్య నోసాఖే, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

ఆయనెవరో క్యాజువాల్టీలో అందరికీ తెలుసు. ఫుమెజో. చుట్టుపక్కల ఏ ఊళ్ళో అంత్యక్రియలు జరిగినా శనివారం నాడు ముందు నిలబడి నడిపించేది ఆయనే. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఎవరిని ఎక్కడ ఆపాలో ఆయన చెప్పాల్సిందే. మైకు చెడిపోయినా ఎదురు కొండ మీదివాళ్ళకు ఆయన మాట వినబడేదని చెప్పుకునేవారు. బులెల్వా పిన్నిని సాగనంపిందీ ఆయనే.

"ఏం కాలేదమ్మా" అన్నాడు బులెల్వాతో. "కిరసనాయిలు స్టవ్వు నా మీద విరుచుకుపడింది. మా ఆవిడ రోజూ చేసే పనే, అదీ నేర్చుకుంది."

గొంతు బొంగురుగా ఉంది. బులెల్వా ఆయన్ను కూర్చోబెట్టి నోరు తెరవమంది. నాలుక మీద మసి. ముక్కు లోపలి వెంట్రుకలు కమిలిపోయాయి. వేడి పొగ గొంతులోకి దిగింది. లోపల వాపు మొదలైంది. కాసేపట్లో దారి మూసుకుపోతుంది. మూసుకుపోయాక ఊపిరి కోసం గొట్టం వేయడం ఎవరి తరమూ కాదు.

"మాంబేలే, ఈయనకు మత్తిచ్చి ఇప్పుడే గొట్టం వేయాలి."

"మాట్లాడుతున్నాడు కదే!" అంది మాంబేలే. "నడిచొచ్చి, జోకులేస్తున్న మనిషికి గొంతులో గొట్టమా?"

"ఆ గొంతు ఆయనదేనా? మీరు వినలేదా ఎప్పుడూ?"

మాంబేలే ఫుమెజో వైపు చూసింది. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె వింది. మొహంలో ఏదో మారింది గాని, తాళం మీదినుంచి చెయ్యి తీయలేదు.

"నాకు డాక్టరు మాట కావాలి. పద."

ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ ఫొర్టేన్ ఆపరేషన్ గదిలో ఉంది. అడ్డం తిరిగిన బిడ్డను తల్లి కడుపులోంచి తీస్తోంది. మాంబేలే తలుపు కొద్దిగా తెరిచి సంగతి చెప్పింది.

"మసి కనబడిందా?" డాక్టరు తల ఎత్తలేదు. "గొంతు మారిందా?"

"మారింది డాక్టర్" అంది మాంబేలే. ఆ జవాబు బులెల్వా ఇవ్వలేదు, ఆమే ఇచ్చింది.

"నేనిక్కడినుంచి కదల్లేను. బులెల్వాను వేయమనండి, మందు మీరివ్వండి. నా మాట మీదే."

వెనక్కి వచ్చేసరికి ఫుమెజో ఊపిరి తీస్తుంటే ఈల వినబడుతోంది. బులెల్వా అంబులెన్సులో ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. మందు ఎక్కించడానికి ముందు నోసాఖేను లోపలికి పిలిచింది.

"అన్నా, మిమ్మల్ని నిద్రపుచ్చి గొంతులో గొట్టం వేస్తాను. కొన్నాళ్ళు మాట ఉండదు."

"లేస్తానా?"

"లేవాలనే వేస్తున్నాను."

"లేచాక నా గొంతు నాకుంటుందా?"

"చెప్పలేనన్నా. ఆమెతో ఏదైనా చెప్పాలంటే ఇప్పుడే చెప్పండి."

ఫుమెజో భార్య వైపు తిరిగాడు. "శనివారం మ్వెలేలీ వాళ్ళింట్లో ఒప్పుకున్నాను. ఆ పాస్టరు చేతికి మైకిచ్చి వదిలేయొద్దని చెప్పు. పొద్దుగూకేదాకా పూడ్చనివ్వడు."

"ఇప్పుడూ ఊళ్ళోవాళ్ళ గొడవేనా?" అంది నోసాఖే. "నాకు చెప్పేదేమీ లేదా?"

"స్టవ్వు మార్చమని నువ్వు పోరినప్పుడు వినాల్సింది."

"వింటే నువ్వెందుకవుతావు!" అంటూ, చేతులు కాలి ఉన్నాయి కాబట్టి, ఆయన పాదాలు పట్టుకుంది. సూదితో నిలబడ్డ మాంబేలే గోడ వైపు తిరిగింది.

మత్తు ఎక్కింది. మొదటి గొట్టం పోలేదు. వాపు బులెల్వా అనుకున్నదానికంటే పెరిగిపోయింది. ఆమె చెయ్యి వెనక్కి చాచేలోగా మాంబేలే సన్న గొట్టం అందులో పెట్టింది. అది దిగింది. ఛాతీ రెండు వైపులా లేచింది.

అంతటితో బులెల్వాకు తెలిసిన పని అయిపోయింది. కానీ ఆయన్ను మ్తాతా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సిన హెలికాప్టర్ మంచు వల్ల లేవలేదు, అక్కడినుంచి రావాల్సిన బండి కనుమలో మెల్లగా పాకుతోంది. ఆమె గొట్టాన్ని చేత్తో పట్టుకుని దానివంకే చూస్తూ నిలబడిపోయింది. మాంబేలే అటూ ఇటూ తిరుగుతూ ఆయన కళ్ళకు మందు రాసింది, మూత్రానికి గొట్టం పెట్టింది, పెదవులు తడిపింది, కాళ్ళ మీదికి మరో దుప్పటి లాగింది.

"నువ్వు అరగంట మనిషివి" అంది, ఈసారి ఎత్తిపొడుపు లేకుండా. "ఇది పగలంతా చేసే పని. నిద్రలో రెప్పలు సరిగా పడవు, కళ్ళు ఎండిపోతాయి. ఇటు రా, చెయ్యి చూపించు, ఇలా."

మధ్యాహ్నానికి బంధువులు వచ్చారు. ఫుమెజో తమ్ముడు వరండాలో కేకలు మొదలుపెట్టాడు. "మాట్లాడుకుంటూ వచ్చిన మనిషిని మూగవాణ్ణి చేసి పడుకోబెట్టారు! ఎవరు చేశారో బయటికి రమ్మనండి!"

బులెల్వా బయటికి వెళ్ళింది. "నేనే." వేయకపోతే ఏం జరిగేదో చెప్పింది.

"రేపు మా అన్నకు మాట రాకపోతే?"

"వచ్చి నన్నే అడగండి. ఇక్కడే ఉంటాను."

అలాంటి మాట ఎవరికైనా ఇవ్వడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ తర్వాతి వారం సూపరింటెండెంటు గదిలో పెద్ద వాదన జరిగింది. ఎవరి పూచీ మీద చేశారని నర్సుల సంఘంవాళ్ళు గట్టిగా అడిగారు, డాక్టర్ ఫొర్టేన్ అంతకంటే గట్టిగా జవాబిచ్చింది. చివరకు ఆపరేషన్ గదిలో ఫోను పెట్టించారు. ఇలాంటి పని వస్తే పారామెడిక్కూ సిస్టరూ ఇద్దరూ డాక్టరు మాట విన్నాకే చేయాలన్నారు. డాక్టరు ఫోను దగ్గరికి రాలేకపోతే ఏం చేయాలని బులెల్వా అడిగింది. సూపరింటెండెంటు ఫైలు మూసి, సమావేశం అయిపోయిందన్నారు.

చలికాలం చివర ఫుమెజో కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. మొహం మీద చర్మం మెరుస్తోంది. మాట వచ్చింది గాని, ఎండుటాకుల మీద నడిచినట్టుంది. శనివారాలు ఇప్పుడు ఆయన తమ్ముడే నడిపిస్తున్నాడట.

"గొంతు పోయింది పొగ వల్లో నీ గొట్టం వల్లో మ్తాతావాళ్ళు కూడా చెప్పలేకపోయారు" అన్నాడు.

"నాకూ తెలియదన్నా."

"నీ మీద కోపంగా ఉండేది. ఇప్పుడూ అప్పుడప్పుడూ ఉంటుంది."

బులెల్వా తలూపింది. కట్టు విప్పి, లేత గులాబీ రంగు చర్మం వచ్చిన చేతిని తన అరచేతిలో పెట్టుకుని, వేళ్ళు ముడవమంది. ఆయన పళ్ళు బిగించి ముడిచాడు. చిటికెన వేలు ఒక్కటే వంగలేదు. దానికేం చేయాలో ఆమెకు తెలియలేదు. పక్క మంచం దగ్గరున్న మాంబేలేను కేకేసింది.