ఎస్తేరు జాగా

మా చర్చి సంఘంలో ఒక్కొక్కరు ఒక్కోటి ఇస్తారు. గుడికి ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళ పేర్లు ఆ ఫ్యాన్ల మీదే రాసి ఉంటాయి. ఎండాకాలం అవి తిరుగుతుంటే ఒక్క పేరూ కనబడదు, అదొక్కటే నాకు సంతోషం. మా ఆయన పేరు వరహాలు, పోర్టులో బొగ్గు ఎత్తే కూలీ. మా దగ్గర ఇవ్వడానికి ఏముంది? బాప్తిస్మం తీసుకున్న రోజున పాస్టరుగారితో చెప్పాడు. "నా కాడ ఒంట్లో సత్తువ తప్ప ఏటీ లేదయ్యగారూ. మనోళ్ళెవలు పోయినా గొయ్యి నాను తవ్వుతాను."

అప్పటినుంచి ఎవరు పోయినా గునపం భుజాన వేసుకుని వెళతాడు. కూలి పుచ్చుకోడు, టీ కూడా తాగడు. ఆ రోజు పని పోతే మన పొయ్యి మీదకు ఏమొస్తుందని నేను సణిగితే, ఇది దేవుడి పని అంటాడు. దేవుడికి పనివాళ్ళ కరువొచ్చిందా అని నేను.

మా సమాధుల తోట చిన్నది. ఒకవైపు అపార్టుమెంటు గోడ, ఇంకోవైపు రోడ్డు. చచ్చేవాళ్ళు ఆగరు, నేల పెరగదు. అందుకని ఒక ఏర్పాటు ఉంది. సిమెంటుతో కట్టిన సమాధుల జోలికి పోరు. మట్టి సమాధులైతే కొన్నేళ్ళు ఆగి తిరగతవ్వి, ఎముకలు ఏరి గుడ్డలో చుట్టి అడుగున పెట్టి, పైన కొత్తవాళ్ళను పూడుస్తారు. కలిగినవాళ్ళకు అక్కడా సొంతిల్లే, లేనివాళ్ళకు అక్కడా అద్దె కొంపే. ఎంతమంది మట్టి సమాధులు మా ఆయన తన చేత్తో తిరగతవ్వాడో.

మా ఎస్తేరుదీ మట్టి సమాధే. కొన్నేళ్ళ కిందట, రెండో తరగతి చదువుతుండగా డెంగీ జ్వరంతో పోయింది. ఒక్కతే బిడ్డ. గోడ మూలన దాని చోటు, పైన చెక్క సిలువ. ఇంత పెద్ద విశాఖపట్నంలో మాదని చెప్పుకునే నేల అదొక్కటే. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి కాసేపు దాని పక్కన కూర్చుని వచ్చేదాన్ని.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున మా ఆయన గునపం కోసమని ఇంటికొచ్చి, గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎవలు పోయారు?" అన్నాను.

"అప్పలరాజు కొడుకు. మోహన్. నెలల పిల్లోడు."

అప్పలరాజు, దేవి శ్రీకాకుళం వైపు తీరం నుంచి ఇక్కడి ఫిషింగ్ హార్బరులో పనికి వచ్చినవాళ్ళు. ఈమధ్యే మా సంఘంలో చేరారు. బిడ్డకు ఊపిరాడక ఆసుపత్రికి తీసుకుపోయారని విన్నాను.

"మరి ఎల్లు. కూసున్నావేటి?"

"జాగా లేదంట."

"సంఘం కమిటీవోళ్ళు సూసుకుంతారు, నీకేటి?"

"మట్టి గోతులన్నీ మొన్నమొన్న పూడ్సినవేనంట, ఇప్పుడే కదపకూడదంట. ఒక్కటే ఉందన్నారు." నా మొహం చూడలేదు. "గోడ మూలది."

నా ఒళ్ళు భగ్గుమంది. "నీకు సిగ్గుండాల మావా. కన్నబిడ్డని తవ్వుతావా?"

"ఎంతమంది బిడ్డల్ని తవ్వినాను. అప్పుడు దేవుడి పని అన్నాను. మనకాడికి వొచ్చేతలికి కాదంటే ఎలాగే?" అంటూనే ఏడ్చేశాడు. "నువ్వు వొద్దంటే మానేత్తాను. అయ్యగారూ అదే అన్నారు. తల్లినడుగు, ఆవిడ వొద్దంటే లేదు అన్నారు."

వద్దన్నాను. ఆ మాటేదో అయ్యగారి మొహం మీదే చెప్పి వద్దామని గుడికి బయలుదేరాను.

గుడి అరుగు మీద దేవి ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ. ఆ గుడ్డ మీద ఈగ వాలితే తోలుతోంది. పాలు కారి రవికె ముందంతా తడిసిపోయింది, కొంగు కప్పుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నన్ను చూసి, "అక్కా, జాగా దొరికిందంతావా?" అని అడిగింది.

దేవుడి మీద పీకల దాకా కోపం వచ్చింది నాకు. ఇన్ని మేడలున్న ఊళ్ళో ఏమీ లేనిదాని దగ్గరకే వచ్చి చెయ్యి చాపాలా ఆయన? ఆ పిల్ల నా నోటి వంకే చూస్తోంది.

"దొరికిందే" అన్నాను. దాని కొంగు సర్ది రవికె మీద కప్పాను.

మా ఆయన సిలువ పెకలించి గోడకు ఆనించాడు. కొంత లోతు పోయాక గునపం పక్కన పడేసి చేతులతోనే మట్టి తీశాడు. "అటు తిరుగొలే" అన్నాడు. నేను తిరగలేదు. క్రిస్మస్‌కు కుట్టించిన గౌను వేసి పంపాం దాన్ని. గౌను లేదు, బొత్తాలు ఉన్నాయి. అన్నీ ఏరి మా ఆయన తువ్వాల్లో పెట్టాను. బడికి ఎత్తుకుపోతే నడుము పట్టేసేది నాకు. ఇప్పుడు ఏ బరువూ లేదు. అడుగున పెట్టి, దాని మీద మట్టి కప్పి, వాడికి చోటు చేశాం.

అయ్యగారు దగ్గరకొచ్చి, "నీ అర్పణ దేవుడు చూశాడమ్మా" అన్నారు.

"సూసే కళ్ళుంటే ఆ పిల్లోణ్ణి బతికించొచ్చు కదయ్యగారూ."

ఆయన దేవిని పిలుచుకురావడానికి గుడి వైపు కదిలారు. నేను ఆపాను. "ఒక్క మాట. ఇది ఎవల జాగాయో దేవికి ఎవలూ సెప్పకూడదు. తెలిస్తే ఆ పిల్ల ఇక్కడ కరువుతీరా ఏడవలేదు" అన్నాను.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఆ సాయంత్రం అందరూ తమవాళ్ళ సమాధుల మీద పూలు చల్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు. రానన్నాను గానీ కాళ్ళు ఆగలేదు. పూర్ణా మార్కెట్లో చామంతులు కొనుక్కుని మా ఆయనతో వెళ్ళాను. గోడ మూలన మోహన్ పేరుతో కొత్త సిలువ, పక్కన దేవి. అందరూ ఎవరి చోట వాళ్ళు వంగి ఉన్నారు. నేను పూలూ కొవ్వొత్తీ పట్టుకుని దారి మధ్యలో నిలబడిపోయాను. నా బిడ్డ అక్కడే ఉంది, నాకు వెళ్ళే దారి లేదు.

"మీవోళ్ళదెక్కడక్కా?" అంది దేవి.

"పాతదే. ఇప్పుడు లేదు."

"అయితే ఇక్కడెట్టెయ్. మా బాబుకి ఈ ఊళ్ళో ఎవలున్నారు" అని జరిగి చోటిచ్చింది.

కూర్చున్నాను. పూలు చల్లాను. కొవ్వొత్తి వెలిగించి మట్టిలో గుచ్చాను. ఇన్ని నెలలు బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ఆ మట్టి మీద పడి ఏడ్చాను. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దేవి నన్ను పొదివి పట్టుకుంది.

"మా అత్తోరు కూడా ఇంతలాగ ఏడవనేదక్కా. మా బాబంటే నీకింత పేమేటి" అంది.

ఎస్తేరూ అని నోటి దాకా వచ్చింది. మింగేసి, వాడి పేరు పెట్టి ఏడ్చాను.