నడుమెత్తు సీసాలు

నరికిన మెరాంటీ చెట్ల దుంగలకు బెరడు ఒలిపించడం, అందరూ టౌకే అని పిలిచే కలప యజమాని లియూ ఫుక్ న్యెన్ దృష్టిలో దండగమారి ఖర్చు. వానలకు నబవాన్ దారి బురదై లారీలు ఆగిపోయాయి; అవి మళ్లీ తిరిగేదాకా దుంగలు అడవి అంచున నేలమీదే పడి ఉండాలి. కెనింగావ్ పట్నం నుంచి సరుకు చూసి కొనడానికి వచ్చిన చోంగ్ యున్ మోయ్ మాత్రం బెరడు తీయించి తీరాలంది.

"పడిన చెట్టు బెరడులో దూరి తొలిచే పెంకుపురుగు నడుమెత్తు మించి ఎగరదు టౌకే. పైన కొమ్మల్లో తిరిగేవి వేరే జాతి. నీ దుంగలు సరిగ్గా దాని నోటి ముందున్నాయి. చిల్లులు కనబడితే ముట్టుకోను."

"పురుగు చంకలో కొలబద్ద పెట్టుకుని ఎగురుతుందా అమ్మా?" అన్నాడు లియూ.

ఎవరి మాటకైనా ముందు ధర కట్టి చూడటం అతని అలవాటు. కొనేవాళ్లు భయపెట్టేది బేరం కోసమేనని తేల్చుకున్నాడు. ఆమెది తప్పని తేలిస్తే పైచేయి తనది. పులిసిన వాసనకు పురుగులు మూగుతాయని కలప వ్యాపారులందరికీ తెలుసు. ప్లాస్టిక్ సీసాల పక్కలకు కంతలు కోయించి, అడుగున సారా పోసి, ఎంత ఆవిరవుతుందో తెలియడానికి గీతలు గీసి, ఒక వరస నడుమెత్తున, ఇంకో వరస కొమ్మల ఎత్తున కట్టించాడు. కాపలా పెట్టలేదు. అదీ దండగే.

కొన్నాళ్లకు దింపి చూస్తే పై సీసాల నిండా పురుగులు. కింది సీసాల్లో ఒక్కటి లేదు.

"చూశావురా లాంగ్‌కాప్? ఆ మహాతల్లి నాకు పాఠాలు చెప్తుందట!" అన్నాడు, చెట్లు నరికే మురుత్ తెగవాళ్ల జట్టు మేస్త్రీతో.

"టౌకే అంటే సరే" అన్నాడు లాంగ్‌కాప్, తల గోక్కుంటూ.

బెరడు అలాగే ఉండిపోయింది. దారి ఆరి లారీ వచ్చేనాటికి దుంగల ఒంటినిండా తెల్లటి పొట్టు సన్న సేమ్యాలా పొడుచుకొచ్చింది. యున్ మోయ్ ఒక చిల్లులో చీపురుపుల్ల దోపి, అది ఎంతదాకా పోతుందో అతనికి చూపించింది.

"కింద పురుగే లేదమ్మా! ఇదిగో సాక్ష్యం!" లియూ కింది సీసా ఒకటి తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

ఆమె వాసన చూసింది. "ఏటి నీళ్లు."

లియూ లాంగ్‌కాప్ మీద విరుచుకుపడ్డాడు. "దొంగవెధవా! తాగేశారా?"

"దొంగ అనకండి టౌకే. చేతికందేలా కట్టారు, మాకే అనుకున్నాం. మా ఇళ్లలో జాడీలో కల్లు తాగినవాడు గుర్తుదాకా నీళ్లు పోసి లేస్తాడు. మీరూ గీత గీశారు. గీతదాకా పోశాం."

"మరి పైవి?"

"సారా కోసం అంత ఎత్తు ఎక్కడానికి మేం కోతులమా?"

యున్ మోయ్ పగలబడి నవ్వింది. "కూలీలు ఎంత ఎత్తున తాగుతారో కనిపెట్టావు టౌకే. ఇక ఈ దుంగలు చేపల పెట్టెలకే" అని ఖాళీ లారీ తిప్పించుకుని పోయింది.

ఊళ్లో చేపల పెట్టెలు చేసే అంబిలిద్‌ను లియూ ఏనాడూ తన గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆ మధ్యాహ్నం లియూయే అతని ముంగిట్లో నిలబడి పిలిచాడు.

"ఉండు టౌకే, అన్నం తింటున్నా" అని లోపలినుంచే జవాబొచ్చింది. "తిన్నాక, నడుం వాల్చి లేచి చూస్తాలే."