మఠం నుంచి వచ్చిన క్యారమ్ బోర్డు

నేను ఒక మఠంలో తొమ్మిదేళ్ళుండి బయటికొచ్చిన క్యారమ్ బోర్డుని. నాతో పాటే బయటికొచ్చిన మనిషి పేరు రెజీనా. నా కథ చెప్పమంటే ఆవిడ కథే చెప్పాల్సి వస్తుంది. నాకు ఇంకో కథ లేదు.

నన్ను బెజవాడలో మస్తాన్ అనే వడ్రంగి తయారుచేశాడు. ప్లైవుడ్డుని అద్దంలా నునుపు తేలేదాకా గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ టేకు చట్రం బిగించి, నాలుగు మూలలా వలసంచులు కట్టాడు. ఆయనకి ఆట రాదు. "చెక్క సమంగా ఉందా లేదా, అంతవరకే నా పని" అనేవాడు. ఒక హోటల్ యజమాని, వేసవి సెలవుల్లో కొడుకులు ఎండన పడి తిరక్కుండా ఉంటారని నన్ను కొనుక్కుపోయాడు. ఆ వేసవంతా పిల్లలు నా చుట్టూ కూర్చుని జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. మరుసటి ఏడు మంచం కిందికి తోసేశారు. ఇంటికి సున్నాలు వేయించినప్పుడు నేను అడ్డమనిపించి, సిస్టర్ల మఠానికి ఇచ్చేశారు. మనుషుల్లో ఒక చిత్రం ఉంది. తమకి అక్కర్లేనిది ఇచ్చేటప్పుడు పేరు రాయడం మాత్రం మర్చిపోరు. నా వీపు మీద ఎర్ర రంగుతో దాతగారి పేరు, ఊరు, తేదీ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నేను మఠానికి వెళ్ళిన ఏడే రెజీనా కూడా వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, పలుచటి మనిషి. ఆ ఏడు చేరినవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో బెర్నదెత్ అనే అమ్మాయికీ రెజీనాకీ మొదటి వారంలోనే జత కుదిరింది, అదీ నా వల్లే. సాయంత్రం జపమాలకి ముందు అరగంట రిక్రియేషన్. మిగతావాళ్ళు పూలమొక్కల దగ్గరికో, కుట్టుపని దగ్గరికో పోతే, వీళ్ళిద్దరూ నాకు చెరోపక్క కూర్చునేవాళ్ళు. చదువులకని వేరే ఊళ్ళకి పంపినా, సెలవులకి వచ్చిన రోజు సంచులు దించకుండానే నా మీద పౌడర్ చల్లేవాళ్ళు. బెర్నదెత్ గట్టిగా కొట్టేది, రెజీనా గురి చూసి కొట్టేది. బెర్నదెత్ ఓడిపోయినప్పుడల్లా "నువ్వు ప్రార్థన చేసి కొడుతున్నావే, అది ఫౌలు" అని దెబ్బలాడేది.

మఠంలో 'నాది' అనే మాట లేదు. 'మన గొడుగు', 'మన చెప్పులు', 'మన పంటినొప్పి' అని కూడా అనడం విన్నాను. నేను 'మన బోర్డు'ని. అంతకుముందు దాతగారింట్లో నా కోసం జరిగిన యుద్ధాలు చూసినదాన్ని కదా, ఆ మాట నాకు చల్లగా తగిలింది.

తొమ్మిదో ఏట రెజీనాకి ఆయాసం మొదలైంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందన్నారు డాక్టర్లు. మెట్లెక్కకూడదు, ఉపవాసాలు చేయకూడదు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు అసలే వద్దు. సంస్థ పెద్దల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రోగుల సేవ కోసం పుట్టిన సంస్థ ఒక రోగిని తన దగ్గర ఉంచుకోలేకపోయింది. వాళ్ళని తప్పుపట్టను. ఆ ఉత్తరం చదివి వినిపిస్తూ మఠం పెద్ద మదర్‌గారు మూడుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళలో నువ్వు నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఏదైనా తీసుకెళ్ళు తల్లీ," అన్నారు చివరికి.

ఏ జపమాలో, మరియతల్లి బొమ్మో అడుగుతుందనుకున్నారు ఆవిడ.

"మన క్యారమ్ బోర్డు మదర్," అంది రెజీనా.

ఆ వేళ బెర్నదెత్ బడిలో పదో తరగతికి పాఠం చెబుతోంది. ఆమెకి చెప్పి వెళ్ళడానికి రెజీనాకి ధైర్యం చాల్లేదు. మెళ్ళో సిలువ తీసి మదర్‌గారి చేతిలో పెట్టింది. నన్ను ఆటో మీద తాడుతో కట్టారు. గేటు దాటుతుంటే బడి కిటికీల్లోంచి పిల్లలు ఎక్కాలు వల్లించడం వినబడుతూనే ఉంది.

రెండేళ్ళు అన్న ఇంట్లో ఉన్నాం. వాళ్ళు మంచివాళ్ళే. కాకపోతే మా ఇద్దరితో ఏం చేయాలో వాళ్ళకి తోచలేదు. వదిన నా మీద వడియాలు పెట్టేది. రెజీనాని "కాస్త పిల్లల చేత హోంవర్కు చేయించు" అనేది. రెజీనా అలాగే చేయించేది. సాయంత్రం ఆరయ్యేసరికి మాత్రం ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. తలుపు వెనక నిలబెట్టిన నా దగ్గరికొచ్చి, చీర చెంగుతో చట్రం తుడిచి వెళ్ళేది. ఒక్కసారి కూడా కింద పరిచి ఆడలేదు. ఎదురుగా కూర్చునే మనిషి ఉండాలి కదా.

అప్పుడు ఫాదర్ జోజప్పగారు ఫోన్ చేశారు. ఆయన ఒకప్పుడు మఠంలో పూజ చేయడానికి వస్తుండేవారు. ఇప్పుడు చిలకలూరిపేట అవతల ఒక విచారణకి, అంటే కొన్ని ఊళ్ళకి కలిపి ఉండే గుడికి, గురువు.

"మా విచారణకి యూత్ యానిమేటర్ కావాలమ్మా రెజీనా, కుర్రకారుని కూడగట్టే మనిషి. ఇరవై ఏళ్ళ వాళ్ళు గుడికొస్తున్నారు, గుడి బయటే నిలబడుతున్నారు. నువ్వు రావాలి."

"నా గుండె బాగోదు ఫాదర్."

"నిన్ను పరిగెత్తమనడం లేదమ్మా. వాళ్ళతో కూర్చోమంటున్నాను."

మొదటి ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌గారు ఆవిడని మైకు ముందు నిలబెట్టారు. "ఈవిడ సిస్టర్... అదే, రెజీనాగారు," అని తడబడ్డారు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బట్టల్ని చూస్తే సిస్టర్ కాదు, నడకని చూస్తే సిస్టరే. 'మఠం నుంచి వచ్చేసిందంట' అనే మాట గుడి గుమ్మం దాటకముందే ఊరు చుట్టేసింది.

హాల్లో మొదటి మీటింగుకి నలుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికొచ్చినవాళ్ళు. లూర్దురాజు అనే ఎలక్ట్రీషియన్ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అంతకుముందు ఉన్న బ్రదర్ గిటార్ వాయించేవాడట. ఆయన బదిలీ అయిపోయాక వీళ్ళకి ఎవరూ నచ్చలేదు.

"మేడమ్, మీకు గిటార్ వచ్చా?"

"రాదయ్యా."

"పోనీ పాటలు?"

"రెండు చరణాలకే ఆయాసం వస్తుంది."

"మరేం వచ్చండీ మీకు?"

రెజీనా గదిలోకెళ్ళి నన్ను మోసుకొచ్చింది. రెండేళ్ళ తర్వాత నన్ను స్టూలు మీద పరిచింది. వడియాల మరకలు చూసి వాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత ఇరవై నిమిషాల్లో లూర్దురాజుని వరసగా రెండు గేములు ఓడించింది. రెడ్ కాయిన్ వేసి, వెంటనే దాని ఫాలో కాయిన్ కూడా వేసేసరికి అతను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

మరుసటి వారం పదకొండు మంది వచ్చారు, అందరూ ఆవిడని ఓడించడానికే. మూడో వారానికి 'మేడమ్' పోయి 'అక్కా' అయింది. ఆవిడ అలవాటు కొద్దీ "మన గొడుగు చూశారా?" అని అడిగితే, "మీది మాకెందుకక్కా?" అని నవ్వేవాళ్ళు. ఆటలో పడితే మనుషులు మనసులో మాట బయటపెట్టేస్తారు. కళ్ళు కాయిన్ల మీద ఉంటాయి కాబట్టి ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు. ఉద్యోగం పోయిందని ఒకడు, నాన్న తాగుతున్నాడని ఒకడు, పరీక్ష మూడోసారి తప్పానని ఒక పిల్ల, అన్నీ నా మీదే చెప్పుకున్నారు. రెజీనా సలహాలిచ్చేది కాదు. వినేది. తన వంతు వస్తే కొట్టేది. లేచేముందు అందరి చేతా చిన్న ప్రార్థన చేయించేది.

గుడి గంట మోగినప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి పోయేది. అక్కడ సిలువ ఉండదు. చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగి, మళ్ళీ స్ట్రయికర్ మీదికొచ్చేది. ఇది చూసినవాళ్ళు ఇద్దరం. నేనూ, అమలా.

అమల చీరల షాపులో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళు. మాట తక్కువ, దెబ్బ గట్టి. ఒకరోజు అందరి ముందే అడిగేసింది.

"అక్కా, మీరు మఠంలోంచి ఎందుకొచ్చేశారు?"

"నేను రాలేదమ్మా. పంపించేశారు."

అమల స్ట్రయికర్ వదిలేసింది.

"మీకు కోపం రాలేదా?"

"రాలేదు. వచ్చుంటే బాగుండేది. కోపమైతే కొన్నాళ్ళకి పోయేది."

ఆ తర్వాత వారం అమల అందరికంటే ముందొచ్చింది. కాయిన్లు పేరుస్తూ, తలెత్తకుండా, "నాకు మఠంలో చేరాలనుందక్కా," అంది.

స్ట్రయికర్ రెజీనా వేలి కింద అలాగే ఆగిపోయింది. "ఎందుకు?"

"తెలీదు. పది గంటలు నిలబడి చీరలు విప్పి చూపిస్తుంటాను. మధ్యలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మీకు అలా ఉండేదా?"

"ఉండేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ ఉంటుంది," అంది రెజీనా. "ఎటు వెళ్ళాలో తెలియదు, అంతే."

సరిగ్గా ఆ రోజుల్లోనే బెర్నదెత్ పంపిన కార్డు వచ్చింది. నిత్య మాటపట్టు, అంటే ఇక జీవితాంతం మఠమే నా ఇల్లు అని బలిపీఠం ముందు చెప్పే పండుగ. కార్డు మీద ఐదు పేర్లు. వాళ్ళ జట్టులో ఆరో పేరు ఉండాల్సిన చోట పూల బొమ్మ వేశారు. రెజీనా దాన్ని చదివి, పౌడర్ డబ్బా కింద పెట్టేసింది. వెళ్ళననుకుందని నాకు అర్థమైంది. పౌడర్ డబ్బా తీసింది మాత్రం అమల.

"అక్కా, నన్ను తీసుకెళ్ళండి. చేరేముందు ఒకసారి చూడాలి."

"ఫాదర్‌గారు వెళ్తున్నారుగా. ఆయనతో వెళ్ళు."

"ఆయన బలిపీఠం దగ్గరుంటారు. నాకు మీ పక్కన కూర్చుని చూడాలనుంది."

రెజీనా మూడు రోజులు నా దగ్గరికి రాలేదు. నాలుగో రోజు పొద్దున తెల్ల చీర ఇస్త్రీ చేయడం చూశాను. నా మీదే దుప్పటి పరిచి చేసింది.

అక్కడ జరిగింది నేను చూడలేదు. మర్నాడు సాయంత్రం లూర్దురాజుకి అమల చెబుతుంటే విన్నాను.

"చివరి బెంచీలో కూర్చున్నాం. బిషప్‌గారి ముందు ఒక్కొక్కళ్ళ పేరే పిలుస్తుంటే, వాళ్ళు లేచి 'ఇదిగో నేనున్నాను ప్రభూ' అని ముందుకెళ్తున్నారు. ఐదుగురూ అయిపోయారు. పిలిచే సిస్టర్ కాగితం మడిచేసింది. అప్పుడు అక్క..."

"ఏడ్చిందా?"

"లేదు. పెదాలు కదిపింది. 'ఇదిగో నేనున్నాను' అంది. నాకొక్కదానికే వినబడింది."

లూర్దురాజు చాలాసేపు ఒకే కాయిన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

పది రోజులకి బెర్నదెత్ వచ్చింది, ఒక మధ్యాహ్నం బస్సులో. వేలికి మాటపట్టు నాడు తొడిగిన కొత్త ఉంగరం. రెజీనా గుమ్మంలోనే నిలబడిపోయింది. బెర్నదెత్ చూపు నా మీద పడింది.

"ఇదా! దీన్ని నువ్వు తీసుకెళ్ళావని తెలిసి వారం రోజులు తిట్టుకున్నానే నిన్ను. చెప్పకుండా వెళ్ళినందుకు కాదు, బోర్డు తీసుకెళ్ళినందుకు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు పూర్తి కాకముందే బెర్నదెత్ కళ్ళు తుడుచుకుంది. ఎప్పటిలాగే నాకు చెరోపక్క కూర్చున్నారు. బెర్నదెత్ కొట్టినప్పుడల్లా ఆ ఉంగరం నా చట్రానికి తగిలి టక్కుమనేది. అప్పటి చేతుల్లో ఆ చప్పుడు లేదు. నాకు అప్పటి చేయి, అప్పటి బరువే కావాలనిపించింది. వస్తువుకి కోరికలేమిటంటారేమో. తొమ్మిదేళ్ళు ఒకే ఇద్దరు మనుషులు ముట్టుకున్న చెక్కని అడగండి.

"చాపెల్లో నా పక్క చోటు రెండేళ్ళు ఖాళీగానే ఉంచానే," అంది బెర్నదెత్, గురి చూస్తూ.

"ఇప్పుడు?"

"ఈ ఏడు ఒక కొత్తమ్మాయి కూర్చుంటోంది. లేవమని చెప్పలేకపోయాను."

"చెప్పకు," అంది రెజీనా. "పాడుతుందా ఆ పిల్ల?" అని అడిగింది.

"బాగా పాడుతుంది."

ఆట సగంలో ఉండగానే బస్సు వేళైంది. రెజీనా రోడ్డు దాకా వెళ్ళి సాగనంపి వచ్చింది. కాయిన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, రెడ్డు ఇంకా పడలేదు. ఆవిడ వాటిని తీయలేదు. ఆ వారమంతా నేను ఆ సగం ఆటని మోస్తూనే ఉన్నాను. వచ్చినవాళ్ళు చూసి, ఏదో అర్థమైనట్టు నేల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం సాయంత్రం అమల వచ్చి నా పక్కన నిలబడింది.

"ఇంట్లో చెప్పానక్కా. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఇవాళ తింది. జూన్‌లో వెళ్తాను." గొంతు తగ్గించి అడిగింది. "వెళ్ళమంటారా?"

వద్దనడానికి రెజీనా దగ్గర కావలసినన్ని కారణాలున్నాయి. ఆవిడ అరచేయి నా అంచు మీద ఉంది.

"వెళ్ళు," అంది. "నేను వెనక్కి వచ్చానని నువ్వు గుమ్మంలో ఆగిపోకు. ఒకవేళ తిరిగి రావాల్సి వస్తే ఎక్కడికి రావాలో నీకు తెలుసు కదా."

తర్వాత ఆ చేత్తోనే కాయిన్లన్నిటినీ నెమ్మదిగా మధ్యకి ఊడ్చింది. బెర్నదెత్ వదిలిన నల్లవి, తను వదిలిన తెల్లవి కలిసిపోయాయి. రెడ్డుని నడుమ పెట్టి, చుట్టూ ఒక్కొక్కటే పేర్చి, స్ట్రయికర్ని అమల వైపు జరిపింది.

"నువ్వే మొదలుపెట్టు. జూన్ దాకా రోజూ రావాలి మరి."

ఎప్పుడూ గట్టిగా కొట్టే పిల్ల, ఆట తొందరగా అయిపోకూడదన్నట్టు, ఆ వేళ చాలా మెల్లగా కొట్టింది.