మైకు ముందు ఆగిన మాట

రత్నాకర్ కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల మధ్య నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా, మెడలో కండువా, చలికి రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, నన్ను చూడగానే ఎప్పటిలాగే "ఇప్పుడెక్కడికి పోవాలి మావయ్యా?" అని అడుగుతున్నాడు. వాడు మాఘంలోనే పోయాడని నాకు తెలుసు, కానీ చనిపోయినవాడి ముందు ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి, "ముందు బయటికి రారా, జలుబు చేస్తుంది" అంటున్నాను.

వాడు నా అక్క కొడుకు. నా అల్లుడు కూడా. మా నియోజకవర్గానికి రెండుసార్లు ఎమ్మెల్యే. నేను మిర్చి వ్యాపారిని. కాయ విరిచి తేమ ఎంతుందో చెప్పినట్టే, నమస్కారం పెట్టే తీరు చూసి ఆ మనిషి ఓటు ఎటో చెబుతానని నాకు పేరు. ఏ పెళ్ళికి వెళ్ళాలో, ఏ చావింట్లో ఎంతసేపు కూర్చోవాలో, ఎవరి భుజం మీద చెయ్యి వెయ్యాలో, ఎవరు ఫోన్ చేస్తే ఎత్తకూడదో అన్నీ నేనే చెప్పేవాణ్ణి, వాడు చేసేవాడు. కాదన్నది లేదు.

ఇద్దరం నడుస్తున్నాం, బస్తాల వరసలు తరిగేకొద్దీ పెరుగుతున్నాయి, ఎక్కడో తలుపు తీసి ఉన్నట్టు వెలుగు కనబడుతోంది కానీ అక్కడికి చేరేసరికి అది తలుపు కాదు, ఎండబోసిన మిరపకాయల కళ్ళం, కళ్ళం అనుకున్నది వాడు పోయిన రోజు సభ జరిగిన మైదానం. ఎర్రటి కాయల మీద జనం బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, ఒక్కరూ దగ్గడం లేదు. స్టేజీ మీద మైకు ఇంకా కొంచెం ఊగుతూనే ఉంది.

"ఆ రోజు ఏం చెప్పబోయావురా?" అని అడుగుతున్నాను. అడగడానికే వచ్చానని అప్పుడు తెలుస్తోంది.

నేను చెప్పమన్నవన్నీ చెప్పేశాక, దిగిపోవలసినవాడు దిగకుండా, "ఇంకొక్క మాట చెప్పాలి" అని మైకు పట్టుకుని, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఆ మాట ఏమిటో ఎవరికీ తెలియదు. పార్టీవాళ్ళకు మాత్రం తెలిసిపోయింది. భార్య హైమ పేరే చెప్పబోయాడట, ఉపఎన్నికలో ఆమే నిలబడాలట. "మీరు ఊఁ అనండి చాలు, అమ్మాయిగారు గెలిచినట్టే" అన్నారు. లెక్క వేసి చూశాను. నిజమే, గెలుస్తుంది. నా కూతురు రెండు ముద్దలు తిని ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు కానీ, ఏ ఊళ్ళో ఎంత మెజారిటీ వస్తుందో తెలుసు.

"గుర్తు రావటంలా మావయ్యా" అంటున్నాడు రత్నాకర్. "నోట్లోనే ఉంది. ఏం మాటయ్యుంటది, నువ్వు చెప్పు."

"నాకెట్టా తెలుసురా?"

"ఎప్పుడూ నువ్వేగా చెప్పేది."

వాడి కళ్ళలో ఎగతాళి లేదు, నిజంగానే ఎదురు చూస్తున్నాడు, నేను వాడి చొక్కా పట్టుకుని "ఒక్కసారి నువ్వు చెప్పరా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇవాళ వాళ్ళొస్తున్నారు, దాన్ని పంపనా వద్దా?" అని బతిమాలుతుంటే ఆ చొక్కా మంచులా కరిగి నా వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. ఈలోగా హైమ స్టేజీ మీద ఉంది. ఎవరు ఎక్కించారో తెలియదు. నేను ఎప్పుడూ నిలబడే చోటే, వెనకాల, ఆమె చెవి దగ్గర వంగి ఉన్నాను, నేను ఏది అనుకుంటే అది ఆమె గొంతుతో మైకులో వినిపిస్తోంది. "నాకు భయంగా ఉంది" అనుకున్నాను. "నాకు భయంగా ఉంది" అంటోంది నా కూతురు, జనం ఈలలు వేస్తున్నారు. ఆపాలని, "దింపండి దాన్ని" అనుకున్నాను. "దింపండి" అంటోంది హైమ, ఇంకా గట్టిగా చప్పట్లు. ఆ చప్పట్లకు నా చెయ్యి దానంతటదే హైమ చేతిని పట్టుకుని పైకి లేస్తోంది, అభ్యర్థి చెయ్యి ఎత్తి చూపించినట్టు, ఎంత బలంగా కిందికి లాగినా ఆగడం లేదు.

రత్నాకర్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"గుర్తొచ్చింది మావయ్యా" అంటున్నాడు మెల్లిగా, అంత చిన్న మాట కోసం ఇంతమందిని ఆపినందుకు సిగ్గుపడుతున్నట్టు. "పెద్ద మాటేం కాదు. ఒంట్లో బాగాలేదు, ఇంటికి పోతానని చెబుదామనుకున్నా."

"నాతో చెప్పొచ్చుగా నాయనా" అని ఏడుస్తున్నాను.

"నీతో ఎట్టా చెప్పేదో నువ్వు నేర్పలా" అంటున్నాడు. మైదానమంతా లేచి నిలబడి వాడి పేరు అరుస్తోంది, వాడు అటు తిరిగి నమస్కారం పెట్టబోతూ, నా మణికట్టు వదలలేక, ఒక్క చెయ్యే గుండెకి ఆనించుకుని

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడక్కుర్చీ మీదికి వచ్చేసింది. మెడ చెమటతో తడిసిపోయింది. హైమ పక్కన నేలమీద కూర్చుని నా మణికట్టు పట్టుకుని ఉంది. లేపడానికి పట్టుకున్నదనుకున్నాను, లేచాక కూడా వదల్లేదు.

"వాళ్ళొచ్చారు నాన్నా" అంది.

బయట కార్ల తలుపులు పడుతున్న చప్పుడు, ఎవరో నా కూతురి పేరు అందుకున్నారు, మిగతావాళ్ళు జిందాబాద్ అంటున్నారు. వాళ్ళతో ఏమని చెప్పాలో హైమకు చెప్పబోయి నోరు మూసుకున్నాను. "గడియ పెట్టు తల్లీ" అన్నాను.

"పెట్టే వచ్చాను నాన్నా."

తలుపు కొడుతున్నారు. హైమ వేళ్ళు నా చేతి మీద ఇంకొంచెం బిగిశాయి.