ఇద్దరితో చదివించిన కాగితం

సీసా మూత మీది సీలు కళ్ళారా చూస్తే తప్ప జీవరత్నం చేయి చాపదు. ఎలిజబెత్‌కి అది అలవాటైపోయింది. పొద్దున్నే ట్రేతో రాగానే ముందు సీసా ఎత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి, రేకు ఎక్కడా లేవలేదని చూపిస్తుంది. తర్వాత సిరంజి కవరు ఆమె ఎదుటే చింపుతుంది. జీవరత్నం మెడ సాచి, కళ్ళు చిట్లించి చూసి "ఊఁ" అంటుంది. అప్పుడుగానీ దుప్పటిలోంచి చేయి బయటికి రాదు.

ఆ చేయి ఒకప్పుడు మనుషుల్ని ఎత్తిన చేయి. మణికట్టు ఇప్పటికీ వెడల్పే. కండ మాత్రం కరిగిపోయి, చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. మోచేతికి పైన సన్నని గొట్టం అతికించి ఉంది. దాని చుట్టూ పచ్చగా, ఊదాగా కమిలిన మచ్చలు.

ఆ రోజు రక్తం నాలుగు గొట్టాల్లో తీసుకుంది ఎలిజబెత్.

"నిన్న మూడే కదా, ఇవాళ నాలుగెందుకు?" అని హిందీలో అడిగింది జీవరత్నం.

"డాక్టరుగారు రాశారు."

"ఎందుకు రాశాడు?"

ఆ కేరళ నర్సు నవ్వి, గొట్టాల మీద చీటీలు అతికించుకుని వెళ్ళిపోయింది. నవ్విందంటే ఏదో ఉంది అనుకుంది జీవరత్నం.

కువైట్‌లోని ఆ ఆసుపత్రి ఐదో అంతస్తుకి వచ్చి పదకొండు వారాలైంది. ఎముకల మూలుగలో జబ్బు. మామూలు మందులకి లొంగలేదు. కొత్త మందు ఒకటి మనుషుల మీద పరీక్షిస్తున్నారు, చేరతావా అని తను వంట చేసే ఇంటి మేడం అడిగింది. అడగడమే కాదు, కారులో తెచ్చి దింపింది, వారానికోసారి పండ్లు పంపుతోంది. పన్నెండేళ్ళలో ఏనాడూ 'తిన్నావా' అని అడగని మనిషి పండ్లు పంపడం జీవరత్నానికి మింగుడు పడలేదు. మొదటివారం ఆ ఆపిల్ పండ్లని పక్క మంచాలకి పంచేసి, తిన్నవాళ్ళకి ఏమీ కాలేదని చూసి, రెండోవారం నుంచి తింది.

పరీక్ష సంగతి చెప్పిన రోజు ఆమెకి ఇంకా గుర్తుంది. పాత మందు అందరికీ ఇస్తారు. దాని మీద సగం మందికి కొత్త మందు ఎక్కిస్తారు. మిగతా సగానికి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏదన్నది రోగికీ తెలియదు, నర్సుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని తెలుగులో వివరించింది వినీల. విజయవాడ వన్ టౌన్ పిల్ల. ఆసుపత్రికి వచ్చే తెలుగువాళ్ళకి మాట సాయానికి పెట్టుకున్నారు.

"డాక్టరుకే తెలియదంటే ఎట్టా నమ్మేదమ్మాయ్?"

"రూలే అంత ఆంటీ. కంప్యూటర్లో ఒక్కచోటే ఉంటది."

"అయితే ఎవరికో తెలుసన్నమాట" అంది జీవరత్నం. సంతకం పెట్టింది గానీ ఆ మాట మాత్రం వదల్లేదు.

ఆసుపత్రులు ఆమెకి కొత్త కాదు. భర్త ఏసుపాదం ఉయ్యూరులో చెరుకు లోడెత్తే కూలీ. పెళ్ళైన నాలుగో ఏడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. చెల్లెలు అమలమ్మతో కలిసి కాలవ గట్టు ఇంట్లో ఉంటూ, పొద్దున్నే బస్సెక్కి విజయవాడ బెంజ్ సర్కిల్‌లో దిగి, ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా తొమ్మిదేళ్ళు చేసింది. మంచంపట్టినవాళ్ళకి ఒళ్ళు తుడిచింది, బెడ్‌పాన్లు ఎత్తింది, పోయినవాళ్ళ దవడలకి గుడ్డ కట్టింది. ఇక లాభం లేదని డాక్టరు వెళ్ళిపోయాక, గుమ్మంలో నిలబడ్డ బంధువులతో "తగ్గిపోద్దండీ, రేపో ఎల్లుండో ఇంటికెళ్ళిపోతారు" అన్నది ఎన్నిసార్లో లెక్కలేదు. అందుకే ఆసుపత్రిలో ఎవరైనా ఇల్లు అనే మాట ఎత్తితే ఆమె ఒళ్ళు జాగ్రత్తపడుతుంది.

తర్వాత కువైట్. మేడంగారి అత్తగారికి పదేళ్ళు చాకిరీ, ఆమె పోయాక రెండేళ్ళుగా అదే ఇంట్లో వంట. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, నిద్రపట్టని ముసలామె చెప్పే కబుర్లు వినడం. అరబ్బీ అలా వచ్చింది. వచ్చిన సంగతి ఆ ముసలామెకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. తెలియదనుకుంటేనే మన ముందు నిజాలు మాట్లాడతారని ఆమె అనుభవం. ఆసుపత్రిలో చేరేటప్పుడూ అరబ్బీ రాదనే చెప్పింది. ఫైల్లో అదే రాసుకున్నారు.

వరండా అవతల, మగవాళ్ళ గదిలో తలుపుకి ఎదురుగా కనిపించే ఏడో నంబరు మంచం వైపు చూసింది. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. రెండు వారాల కిందటి దాకా అక్కడ ఎల్లారావు ఉండేవాడు. బందరు దగ్గర పల్లెపాలెం మనిషి, ఇక్కడ వేరేవాళ్ళ పడవల మీద వలలు లాగేవాడు. ఒకరోజు పొద్దున లేచేసరికి లేడు. అడిగితే "ఇంటికెళ్ళిపోయాడు ఆంటీ" అంది వినీల. అతని నూనె సీసా, దువ్వెన ఆ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. ఇంటికెళ్ళేవాడు దువ్వెన మర్చిపోతాడా?

పదింటికి పెద్ద డాక్టరు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. వెంట చిన్న డాక్టరు, వాళ్ళ వెనక వినీల. చిన్న డాక్టరు చేతిలోని ట్యాబ్‌లో అంకెలు చూపించాడు. పెద్ద డాక్టరు చూసి అరబ్బీలో అతనితో అన్నాడు.

"మూలుగంతా తిరిగి జబ్బుతో నిండిపోయింది. ఈమెలో పనిచేయలేదు. ఈ రోజుతో ఆపేద్దాం. రెండు వారాలు, మహా అయితే మూడు. విమానం ఎక్కించాలంటే ఈ వారమే."

జీవరత్నం దుప్పటి మీద ఉన్న నూలుపోగు పీకుతూ కూర్చుంది. ముఖంలో ఏ మార్పూ రానివ్వలేదు.

డాక్టరు వినీల వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా చాలాసేపు చెప్పాడు. వినీల తలాడించింది. ఎక్కించే సీసా వైపు చూస్తూ తెలుగులో అంది.

"మందు బాగా పట్టిందంట ఆంటీ. ఇంక ఇక్కడ అక్కర్లేదంట. రేపే ఇంటికెళ్ళొచ్చంటున్నారు."

"అట్టాగా" అంది జీవరత్నం. "దేవుడికి స్తోత్రం."

డాక్టర్లు వెళ్ళారు. వాళ్ళ వెనకే వెళ్ళబోతున్న వినీలని పిలిచింది.

"ఎల్లారావు ఏ ఇంటికెళ్ళాడమ్మాయ్?"

వినీల ఆగిపోయింది.

"రెండు వారాలు, మహా అయితే మూడు. విమానం ఎక్కించాలంటే ఈ వారమే. ఆయన అన్నది ఇదేగా?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "మీకు..."

"నాకు అరబ్బీ వచ్చు. కూర్చో."

వినీల మంచం అంచున కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూసింది జీవరత్నం. ఏడవలేదు.

"ఎల్లారావుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను ఆంటీ. చెప్పమన్నారు, చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినలేదు, తాగలేదు. వాళ్ళావిడ ఫోన్ చేస్తే తీయలేదు. శుక్రవారానికి టికెట్టుంటే బుధవారమే పోయాడు. మీరన్నా ఊరు చేరతారని..."

జీవరత్నం దుప్పటి జరిపి ఆ పిల్లకి ఇంకాస్త చోటిచ్చింది.

"అబద్ధం చెప్పేటప్పుడు సీసా వంక చూడకూడదమ్మాయ్" అంది జీవరత్నం. "రోగి వంకే చూడాలి. నేనైతే కాళ్ళు పిసుకుతా చెప్పేదాన్ని. చేతులకి పనుంటే గొంతు వణకదు."

వినీల తల దించుకుంది.

"పో, ఆ డాక్టర్ని తీసుకురా."

డాక్టరు వచ్చి నిలబడ్డాడు. జీవరత్నం అరబ్బీలోనే మొదలుపెట్టింది. ముసలామె దగ్గర నేర్చిన మాటలు కాబట్టి ఆ కాలపు యాసలో ఉన్నాయి. డాక్టరు ముందు తెల్లబోయాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పదకొండు వారాల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"మీకు అరబ్బీ వచ్చని ఎందుకు చెప్పలేదు?"

"అడిగారు. రాదన్నాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నాకు ఎక్కించింది మందా, నీళ్ళా?"

"నాకు తెలియదమ్మా."

ఆయన ముఖంలోకి చూసింది. తొమ్మిదేళ్ళు డాక్టర్ల ముఖాలు చదివిన మనిషి ఆమె. దాచేవాళ్ళు గడియారం చూస్తారు, లేకపోతే ఫైలు తిరగేస్తారు. ఈయన రెండూ చేయలేదు.

"ఎవరికో ఒకరికి తెలిసే ఉంటది. కనుక్కోండి."

"మీరు పరీక్ష నుంచి బయటికి వస్తున్నారు కాబట్టి అడగొచ్చు. అనుమతి తెప్పిస్తాను. కానీ తెలుసుకుని ఏం చేస్తారు?"

"నా ఒంట్లోకి పోయింది. నాకు తెలియాలి."

మధ్యాహ్నం అన్నం వచ్చింది. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి నెట్టింది. నీళ్ళే అయ్యుండాలి అనుకుంటోంది మనసులో. నీళ్ళయితే అసలు మందు ఇంకా తన ఒంట్లోకి రానట్టు. అప్పుడు అడగొచ్చు, పోట్లాడొచ్చు. మేడం పండ్లెందుకు పంపిందో, ఇవాళ నాలుగో గొట్టం ఎందుకో, ఎక్కించే సీసాకి లోపలిది కనబడకుండా ముదురురంగు సంచి ఎందుకు తొడుగుతారో అన్నిటికీ ఒకటే జవాబు దొరుకుతుంది. తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు. పదకొండు వారాలుగా ఆ మనిషి కోసమే వెతుకుతోంది.

రెండు దాటాక డాక్టరు కాగితం తెచ్చాడు. నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"మీరు చెప్పొద్దు. కాగితం ఇవ్వండి."

ఇంగ్లీషు ఆమెకి రాదు. డాక్టర్ని, వినీలని వరండాలోకి పంపి, ఎలిజబెత్‌ని పిలిచి చదవమంది. ఎలిజబెత్ చదివి, కాగితం దించి, హిందీలో మెల్లగా చెప్పింది.

"అసలు మందే. మొదటి రోజు నుంచీ."

ఎలిజబెత్‌ని బయటికి పంపి వినీలని రమ్మంది.

"చదువు. ఉన్నది ఉన్నట్టు. నా వంక చూసి చెప్పు."

వినీల ఒక్కో మాటా వేలు పెట్టి చదివింది. పేరు లేదు, నంబరు ఉంది. ఆ నంబరు జీవరత్నానిదేనని ఫైలు తెప్పించి పోల్చి చూపింది. "కొత్త మందు ఇచ్చిన గ్రూపు. పదకొండు డోసులు. అన్నీ అందాయి. ఫలితం లేదు." చెప్తున్నంతసేపూ ఆమె కళ్ళలోకే చూసింది.

ఇద్దరూ ఒకటే చెప్పారు.

జీవరత్నం కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి దిండు కింద పెట్టుకుంది. మళ్ళీ తీసి వినీలకే ఇచ్చేసింది. ఎవరూ మోసం చేయలేదు. ఇస్తామన్నది ఇచ్చారు. ఒళ్ళే తీసుకోలేదు. ఇన్నాళ్ళూ ప్రతి మూతా, ప్రతి సూదీ పట్టిపట్టి చూసిన కళ్ళు ఇప్పుడు ఎటు చూడాలో తెలియక కిటికీ మీద ఆగాయి. బయట ఎండకి ఆకాశం తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. చాలాసేపటికి కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

"మా చెల్లికి ఫోన్ కలుపు" అంది.

ఫోను తెర మీద అమలమ్మ ముఖం వచ్చింది. వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు, ఎవరో గట్టిగా నవ్వడం. బజారు కుళాయి దగ్గర ఉన్నట్టుంది.

"ఏంటక్కా, ఈ టైములో? డాక్టరు ఏమన్నాడు?"

వినీల ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"తగ్గలేదే. తగ్గదంట. అందుకని వస్తన్నా. రేపే."

తెర ఒక పక్కకి వాలిపోయింది. కొబ్బరాకులు, కరెంటు తీగ, ఒక ముక్క ఆకాశం. అక్కడ మబ్బుపట్టి ఉంది. కొంతసేపు అవే కనిపించాయి. మళ్ళీ అమలమ్మ ముఖం వచ్చేసరికి ముక్కు ఎర్రబడి ఉంది.

"సరిగ్గా చూశారా అక్కా? ఎవరన్నా మాయ చేస్తన్నారేమో అడుగు. నువ్వు అడగవా ఏంటి?"

"అడిగానే. ఇద్దరితో చదివించా. మాయేం లేదు."

"అయితే రా" అంది అమలమ్మ. గొంతు సవరించుకుని, "ఏం తింటావు వచ్చాక?"

"బొమ్మిడాయిలు దొరుకుతున్నయ్యా?"

"కాలవకి నీళ్ళొదిలి పది రోజులైంది. దొరక్కేం? నేను చూస్తాలే. ముందు నువ్వు రా."

"పులుపు ఎక్కువెయ్. ఇక్కడ నాలిక చచ్చిపోయింది."

మర్నాడు పొద్దున ఎలిజబెత్ ఖాళీ చేతులతో వచ్చింది. చూపించడానికి సీసా లేదు. చేతికున్న గొట్టాన్ని తీసేసి, దూది పెట్టి, వేలితో అదిమి పట్టుకుంది. రక్తం ఆగేదాకా జీవరత్నం ఆమె ముఖమే చూస్తూ కూర్చుంది, చేతి వంక ఒక్కసారి కూడా చూడలేదు. మేడం వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక గుమ్మంలో నిలబడింది. జీవరత్నం అరబ్బీలో "మీ అత్తగారు మంచి మనిషి" అంది. మేడం ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. వినీల చక్రాల కుర్చీ తోసుకుంటూ విమానాశ్రయం దాకా వెళ్ళి దిగబెట్టింది.

గన్నవరంలో దిగింది. ఉయ్యూరు చేరింది. బొమ్మిడాయిల పులుసు మూడుసార్లు చేయించుకుంది. మూడోసారి వాసన మాత్రమే చూసింది. పన్నెండో రోజు పొద్దున అమలమ్మ వీధి చివర పాలు తెచ్చేలోపు, కాలవ వైపు తీసి ఉంచిన కిటికీ దగ్గర, నిద్రలోనే పోయింది. ఆ సంగతి అమలమ్మే వినీలకి ఫోన్ చేసి చెప్పింది. "నీ గురించే చెప్పేది తల్లీ. అబద్ధం చెప్పడం రాదంట నీకు."

ఆ వారమే ఇంకో తెలుగు మనిషికి మాట చెప్పడానికి ఐదో అంతస్తుకి వెళ్ళింది వినీల. జీవరత్నం మంచం మీద ఎవరో కొత్తవాళ్ళు పడుకుని ఉన్నారు. ఎలిజబెత్ చూసి పిలిచి, నర్సుల గదిలోని అలమర తెరిచింది. రోగులు మర్చిపోయిన వస్తువులు పెట్టే అర అది. మందు పనిచేస్తే గొట్టం చేతికి ఉంచే ఊరికి పంపుతామని, మిగతా డోసులు అక్కడ ఎక్కించుకోవచ్చని మొదట్లో డాక్టరు చెప్పాడట. అది విని జీవరత్నం దీన్ని కుట్టుకుందట. పరుపు కింద దొరికింది అంది ఎలిజబెత్.

చిలకాకుపచ్చ జాకెట్టు. ఎడమ చేయి కుట్టు విప్పి, గొట్టానికి దారి వదిలి, అంచులు మడిచి సన్నని తెల్ల దారంతో కుట్టి ఉంది. విప్పినచోట వరసగా మూడు హుక్కులు. మూడూ పెట్టే ఉన్నాయి.